ఇంగ్లిష్‌లో పాడితేనేనా?
ఫ్రెంచ్ బ్యాండ్లు ఇంగ్లిష్‌లో పాడితేనే బయటివాళ్లు వింటారని ఒకరు రాశారు. ఫీనిక్స్ బ్యాండ్ వరకు ఆ మాట ఒప్పుకుంటాను, ఆ వెర్సాయ్ కుర్రాళ్లు ఇంగ్లిష్ పాటలతోనే 2010లో గ్రామీ కొట్టారు. మరి లా ఫామ్ అనే ఫ్రెంచ్ బ్యాండ్ సంగతేంటి? ఎక్కువగా ఫ్రెంచ్‌లోనే పాడుతూ అమెరికా దాకా టూర్లు వేశారు కదా. రేడియోల్లో 40 శాతం ఫ్రెంచ్ పాటలు ఉండాలని 1994లో చట్టమే చేసుకున్న దేశం ఫ్రాన్స్. పారిస్‌లో చదువుకునే రోజుల్లో సాన్ మార్తాన్ కాలువ ఒడ్డున ప్వాన్ ఎఫెమేర్ అనే చోట జరిగే కచేరీలకి తరచూ వెళ్లేవాణ్ణి. చిన్న హాలు, స్టేజీ చేతికందేంత దూరం. అప్పటికి నాకొచ్చిన ఫ్రెంచ్ బ్రెడ్డు కొనుక్కోవడానికి సరిపోయేంతే. అయినా కోరస్ రాగానే పక్కవాళ్లతో పాటు నోటికొచ్చినట్టు అరిచేవాణ్ణి. ఉన్న టెన్షనల్లా చివరి మెట్రో దొరుకుతుందా లేదా అనే.