జంట జలాశయాలు ఇక అక్కర్లేదట!

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది: "కృష్ణా, గోదావరి నీళ్లొచ్చాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దేనికి? 111 జీవో 84 ఊళ్ల అభివృద్ధిని ఆపేసింది. ఎలాగూ అందరూ కట్టేస్తున్నారు, ఆ కాగితం ఉంటేనేం, పోతేనేం?" (111 జీవో అంటే ఈ రెండు జలాశయాల చుట్టూ నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన ప్రభుత్వ ఉత్తర్వు.)

నీళ్ల సంగతి. హైదరాబాద్ రోజువారీ వాడకంలో ఈ రెండింటి వాటా ఇప్పుడు చిన్నదే, ఒప్పుకుంటా. కానీ ఇవి కట్టింది తాగునీటికి మాత్రమే కాదు. 1908 మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక 1920లో మూసీ మీద ఒకటి, 1927లో దాని ఉపనది ఈసీ మీద ఒకటి లేచాయి. ఎగువన పొలాలు, బీళ్లు వాననీటిని కొంతైనా పీల్చుకుంటాయి. అక్కడ కాంక్రీటు పోస్తే నీళ్లన్నీ ఒక్కసారే గేట్ల మీద పడతాయి. గేట్లెత్తితే ఏమవుతుందో 2025 సెప్టెంబరులో మూసీ ఒడ్డున ఉన్న ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లో నీళ్ల మధ్య చిక్కుకున్న ప్రయాణికులనడగండి.

అభివృద్ధి ఆగిందా? జీవో వచ్చింది 1996లో. హైటెక్ సిటీ, శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఆ తర్వాతే వచ్చాయి. జీవో వద్దన్నది జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమల్ని, పెద్ద హోటళ్లని, కాలనీల్ని. సేద్యాన్ని కాదు.

ఇక "కాగితం". ఆ 10 కిలోమీటర్ల లోపే ఉన్న పెద్దషాపూర్‌లో ఆముదం నూనెతో పనిచేసే ఓ ఫ్యాక్టరీకి 1997లో ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు, కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. హాని జరగదని నిరూపించాల్సింది ఫ్యాక్టరీ పెట్టేవాళ్లేనని 1999లో జస్టిస్ జగన్నాథరావు రాశారు. 2000లో ఆ మినహాయింపు కొట్టేశారు. సర్కారు చేతినే పట్టుకుని ఆపిన కాగితమది. 2022లో ఆంక్షలు సడలించిన 69 జీవో కూడా జలాశయాల నీటి నాణ్యత చెడకూడదన్న షరతు పెట్టక తప్పలేదు.

అందరూ కట్టేస్తున్నారు కాబట్టి ఎత్తేయాలంటే ముందు ఎత్తేయాల్సింది హెల్మెట్ రూలు.

మెసేజ్‌లో లేని గట్టి పాయింటు ఒకటుంది. 2023 వేలంలో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటింది. అక్కడికి కాస్త దూరంలో 111 పరిధిలోని రైతు అది చూస్తూ కూర్చున్నాడు. వరద తప్పేది సిటీకి, ధర పోయేది అతనికి. అతనికి పరిహారమో, టీడీఆరో (తన నేలలో కట్టలేని హక్కును వేరేచోట వాడుకోనివ్వడమో, అమ్ముకోనివ్వడమో) ఇమ్మని అడిగే మెసేజ్ వస్తే నేనే ముందు ఫార్వర్డ్ చేస్తా.