పిల్లల చేతుల్లోంచి బొమ్మల పుస్తకాలు లాక్కోకండి

కామిక్స్ చదివితే అది చదువు కాదని కొట్టిపారేసే అలవాటు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న మన సిరొంచ తాలూకాలో ఇంకా పోలేదు. ఇంట్లోనేమో "సదువుకోమని తోలిస్తే బొమ్మలు చూస్తున్నవా?" అంటారు. బడిలో సర్ ఆ పుస్తకం లాగేసి టేబుల్ మీద పెట్టుకుంటారు. దీని మీద నాకు చాలా రోజులుగా కోపం ఉంది. కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు మన పిల్లల పరిస్థితి చూడండి. ఇంట్లో తెలుగు. బజారులో తెలుగు, మరాఠీ కలిసిన మాట. బడిలోకి అడుగుపెడితే అంతా మరాఠీ, అదీ పుస్తకాల మరాఠీ. అడవి వైపు పల్లెల్లో ఇంటి భాష మాడియా, అంటే అక్కడి మాడియా గోండుల భాష. ఆరేళ్ళ పిల్లకు అక్షరమూ కొత్తదే, ఆ అక్షరాలతో రాసిన మాటా కొత్తదే. రెండూ ఒకేసారి నేర్చుకోమంటున్నాం. ఇది చాలదన్నట్టు ఎండాకాలం మొదలవుతూనే కూలి కుటుంబాలు మిరపకాయ ఏరడానికి గోదావరి దాటి తెలంగాణకు పోతాయి. చిన్నపిల్లల్ని ఎవరి దగ్గర వదిలిపెడతారు? వెంట తీసుకుపోతారు. తిరిగొచ్చేసరికి క్లాసులో పాఠాలు ఎంతో ముందుకు పోయి ఉంటాయి. ఆ తర్వాత బీడీల తునికాకు కోసే పని. ఇన్నిటిని దాటుకుని ఐదో తరగతికి వచ్చిన పిల్లవాడు ఒక పేరా చదవలేకపోతే "వీడికి చదువు అబ్బదు" అనేస్తాం. ఆ మాట వాడు కూడా నమ్మేస్తాడు. నాకు అన్నిటికన్నా బాధ అక్కడే.

ఇది ఒక్క మన దగ్గరి సంగతే కాదు. పల్లె పిల్లల చదువును కొలిచే ఏసర్ (ASER) సర్వే 2022లో చూస్తే, దేశంలోని పల్లెటూళ్ళ మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 20.5 శాతమే. అందులోనూ ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయిన పిల్లల బరువు ఎంతో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ చూస్తున్నాం.

అలాంటి పిల్లల ముందు కామిక్స్ పెట్టి చూడండి. సాయంత్రాలు మేం కొందరం కూలీల వాడలో పిల్లలతో కూర్చుంటాం కాబట్టి చూసిందే చెప్తున్నాను. పాఠం పుస్తకం ముట్టుకోని పిల్లవాడు కామిక్ పుస్తకాన్ని ముందు మొత్తం తిరగేస్తాడు. బొమ్మలు చూసి కథ ఊహించుకుంటాడు. ఈ గడిలో కుండ నెత్తిన ఉంది, పక్క గడిలో నేల మీద పగిలి ఉంది, మధ్యలో ఏమైంది? ఎవరు తోశారు? అది తేల్చుకోవడానికి పాత్రల మాటలు రాసి ఉండే బుడగలోని అక్షరాల దగ్గరికి వస్తాడు. ఎవరో బలవంతపెడితే కాదు, తనకు కావాలి కాబట్టి వస్తాడు. బుడగలో ఉండేది నాలుగైదు మాటలు, అవీ మనుషులు నోటితో మాట్లాడే మాటలు. తెలియని మరాఠీ మాట వస్తే ఎదురుగా ఉన్న ముఖం చూసి అది కోపమో భయమో పట్టేస్తాడు. ఎవరైనా కింద పడితే 'ధబ్' అని పెద్ద అక్షరాలుంటాయి. ఆ ఒక్క మాటను తనంతట తాను చదివి, మళ్ళీ గట్టిగా అరిచి, పక్కవాడికి చూపిస్తాడు. కాసేపటికి ఇద్దరూ చెరొక పాత్ర పంచుకుని గొంతు మార్చి చదువుతుంటారు. ఒకడు రాజు, ఒకడు దొంగ. ఇది చదవడం కాకపోతే మరేమిటి?

"బొమ్మలకు అలవాటైతే పెద్ద పుస్తకాలు పట్టుకోరు" అని ఒక సర్ నాతో వాదించారు. అయ్యా, వాళ్ళు ఇప్పుడు ఏ పుస్తకమూ పట్టుకోవడం లేదు! మన ఇంట్లో పుస్తకాల అల్మారా ఉండి, అమ్మానాన్నలు చదివి వినిపిస్తే ఆ లెక్క వేరు. పుస్తకమే లేని ఇంటి పిల్లను మొదటి పేజీ నుంచే బొమ్మల్లేని పుస్తకం చదవమనడం అన్యాయం.

మన పెద్దలకు చందమామ గుర్తుండే ఉంటుంది. 1947 జూలైలో తెలుగులో మొదలైంది. 1952 నుంచి మరాఠీలో చాందోబాగా వచ్చింది. అది కామిక్ కాదు, నిజమే, కానీ ప్రతి కథకూ బొమ్మ ఉండేది. శంకర్ గారు గీసిన విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని తెలుగులోనూ నడిచాడు, మరాఠీలోనూ నడిచాడు. బొమ్మ అదే, లిపి వేరు. మన సరిహద్దు పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠ్యపుస్తకం ఉంటుందా? తెలుగు సంచిక, మరాఠీ సంచిక పక్కపక్కన పెడితే ఇంటి భాష బడి భాషకు చేయందిస్తుంది. ఆ పత్రిక ఆగిపోయి పదేళ్ళు దాటింది. అలాంటిది ఇంకోటి మన చేతికి రాలేదు.

ఇంకో విషయం ఉంది. ఎలాంటి బొమ్మలైనా పరవాలేదని నేను అనను. అనంత్ పాయ్ 1967లో అమర్ చిత్ర కథ అనే కామిక్స్ వరుస మొదలుపెట్టి కోట్లమంది పిల్లలతో చదివించారు, ఆ మేలు చిన్నది కాదు. కానీ ఆ పాత పుస్తకాల్లో దేవతలు తెల్లగా, రాక్షసులు నల్లగా ఉంటారని ఎప్పటినుంచో విమర్శ ఉంది. మాడియా పిల్ల ఆ పేజీ తిప్పినప్పుడు తన రంగు ఎవరి ఒంటి మీద చూసుకోవాలి? అందుకే దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీసిన 'భీమాయన' అంటే నాకు అంత గౌరవం. అంబేద్కర్ జీవితం మీద 2011లో వచ్చింది. గీసినవాళ్ళు పర్ధాన్ గోండు కళాకారులు. అందులో మామూలు గళ్ళు ఉండవు, గోండు ఇళ్ళ గోడల మీద వేసే దిగ్నా ముగ్గులతోనే పేజీని విడదీశారు. మంచి మాటల బుడగలు పిట్టల ఆకారంలో ఉంటాయి, విషపు మాటల బుడగలకు తేలు కొండి ఉంటుంది. చదవడం రాని పిల్ల కూడా ఎవరు ఎలాంటివాళ్ళో చెప్పేస్తుంది.

మనకూ కథలున్నాయి కదా. 1858లో చాందాలో (ఇప్పటి చంద్రపూర్) తెల్లవాళ్ళు ఉరితీసిన బాబూరావ్ శెడ్మాకే మన జిల్లాల వీరుడు. ప్రాణహిత అవతల కొమురం భీం. వీళ్ళ కథను పదహారు పేజీల్లో, తెలుగు, మరాఠీ, గోండీ మాటలతో ఎవరు గీస్తారు? బొమ్మలు వేసే కుర్రాళ్ళు మన ఊళ్ళలో గోడల మీద పార్టీ గుర్తులు రాసుకుంటూ బతుకుతున్నారు. గ్రామ పంచాయతీలో ఒక పెళ్ళి షామియానా పాటి ఖర్చు పెట్టలేమా?

ఇక బడుల సంగతి. ప్రతి బడిలో కథల పుస్తకాలున్న లైబ్రరీ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. మన తాలూకాలోనే ఒక బడిలో పుస్తకాలున్నాయి, కపాట్‌లో (అల్మారాలో) ఉన్నాయి, తాళం కూడా ఉంది. అడిగితే "చింపేస్తారు, లెక్క నేను చెప్పాలి" అన్నారు. చిరగనివ్వండి సర్! చిరిగిందంటే ఎవరో చదివారన్నమాట. చిరిగిన పుస్తకానికి సంజాయిషీ అడిగే పై అధికారులు, ఏడాదంతా తాళం తీయని కపాట్‌కు సంజాయిషీ ఎందుకు అడగరు?

డబ్బుల్లేవనే సాకు కూడా పూర్తిగా నిలవదు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు, మరాఠీ బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, దించుకుని ప్రింట్ తీసుకోవచ్చు. అదీ కుదరకపోతే పిల్లల చేతే గీయించండి. ఒక తెల్ల కాగితం నాలుగు మడతలు పెడితే నాలుగు గళ్ళు. మిర్చి తోటలో ఏం జరిగిందో, బస్సులో ఎవరు తిట్టారో గీస్తారు, తెలిసిన భాషలో బుడగ నింపుతారు. జిరాక్స్ తీసి పంచితే వాడంతా చదువుతుంది. చదువురాని అమ్మలు కూడా "ఇది నేనే కదా" అంటూ దగ్గరికొస్తారు, మాకు అది తెలుసు.

సిరొంచ, అంకీస, ఆసరల్లి వైపు ఉన్నవాళ్ళు, పట్నాల్లో స్థిరపడిన మనవాళ్ళు, ఇంట్లో అటక మీద పాత చందమామలు, చాందోబాలు, ఏ కామిక్స్ ఉన్నా బయటికి తీయండి. తూకానికి అమ్మకండి. తెలుగైనా మరాఠీ అయినా పరవాలేదు, అట్టలు ఊడినా పరవాలేదు, కుట్టుకుంటాం. కామెంట్‌లో ఊరి పేరు రాయండి, మిర్చి పనులకు జనం బయల్దేరేలోపు వచ్చి తీసుకుపోతాం. ఈసారి ప్రతి కుటుంబం మూటలో రెండు పుస్తకాలు పెట్టి పంపాలని అనుకుంటున్నాం.