సవరణ: ఎండాకాలం చికెన్ సలాడ్

మొన్నటి చికెన్ సలాడ్ పోస్టులో "ఉడికిన చికెన్ చల్లారాక మయోనైజ్ కలపండి" అని మాత్రమే ఉంది. ఈ ఎండలకు అది చాలదు. ఆ ఒక్క మెట్టు వివరంగా ఇదీ.

ఉడికిన బ్రెస్ట్ ముక్కల్ని గిన్నెలోనే మూతపెట్టి వదిలేయొద్దు. వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టండి. వండిన మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మే నెలలో అంతకు తక్కువుండే వంటగది మనకెక్కడిది! గోరువెచ్చగా ఉండగానే కలిపితే మయోనైజ్ పలచబడి జారిపోతుంది, సలాడ్‌లో వేసే కీరా నీరు వదులుతుంది. హోటల్లో తినే సలాడ్ చిక్కదనం ఇక రాదు. కీరా గింజలు ముందే తీసేస్తే ఇంకా మంచిది.

మయోనైజ్ ఏదని చాలామంది అడిగారు. పచ్చిగుడ్డుతో ఇంట్లో చేసింది మాత్రం వద్దు. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో పచ్చిగుడ్డు మయోనైజ్ తయారీ, అమ్మకాల్ని ఏడాదిపాటు నిషేధించింది కూడా. సీసాలో దొరికేది వాడండి, లేదా గుడ్డలో కట్టి నీళ్లు వడగట్టిన పెరుగు. నా ఓటు పెరుగుకే: చిటికెడు ఆవపొడి, మిరియాలపొడి, నిమ్మరసం పడితే చాలు. నిమ్మరసం పిండాం కదా, పాడవదులే అని బయట పెట్టేసి ధీమాగా ఉండొద్దు. తినేదాకా ఫ్రిజ్‌లోనే.