అరవైలో మెదడు 'పీక్'కి వెళ్తుందా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

మా రిటైర్డ్ టీచర్ల వాట్సాప్ గ్రూపులోకి ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తుంటుంది. పుష్కరాలైనా పన్నెండేళ్లు ఆగుతాయి, ఇది మూడు నెలలు కూడా ఆగదు. అందులో ఉండేది ఇదీ:

అమెరికాలో ఒక పెద్ద పరిశోధన జరిగిందట. మనిషి జీవితంలో అత్యంత ఫలవంతమైన వయసు 60 నుంచి 70 అట. రెండో స్థానం 70-80ది, మూడోది 50-60ది. నోబెల్ గ్రహీతల సగటు వయసు 62, పెద్ద కంపెనీల అధిపతులది 63, పోపులది 76. అరవై దాటాక మెదడులో మైలిన్ పెరిగి తెలివితేటలు 300 శాతం పెరుగుతాయి. పెద్దవాళ్ల మెదడు రెండు భాగాలనూ కలిపి వాడుతుంది. మెదడు కణాలైన న్యూరాన్లు చావవు, కాబట్టి మతిమరుపుకి భయపడొద్దు. ఆధారం: న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ 70,389 (2018). 60, 70, 80ల్లో ఉన్న మీ మిత్రులందరికీ పంపండి.

నాకు అరవై ఎనిమిది. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. మొన్నమొన్నటి దాకా నేనూ దీని కింద దండం బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేదాన్ని. మా బావగారి సంగతి చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. ఆయనకి రెండేళ్లుగా వినికిడి తగ్గుతోంది. టీవీ మోత వీధి చివరికి వినబడేది. పెళ్లిలో ఎవరో "ఒంట్లో ఎలా ఉంది?" అంటే "వంట బ్రహ్మాండం" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన ఆ తర్వాత పెళ్లిళ్లకి రావడమే మానేశారు. డాక్టరు దగ్గరికి వెళ్దామని అక్క అన్నప్పుడల్లా ఫోన్ తీసి ఈ మెసేజ్ చూపించేవారు. "నా బుర్ర పీక్‌లో ఉందమ్మాయ్, చెవుల సంగతి తర్వాత చూద్దాం" అని నాతో కూడా అన్నారు.

ముందు ఆ 'ఆధారం' సంగతి. ఆ వైద్య పత్రిక నిజమైనదే, ఎంతో పేరున్నదే. కానీ 2018లో వెలువడిన దాని సంపుటాల సంఖ్యలు 378, 379. మెసేజ్‌లోని '70' సంపుటం సంఖ్య అనుకుంటే, ఆ 70వ సంపుటం కోసం పందొమ్మిదో శతాబ్దంలోకి వెళ్లి వెతకాలి. పరిశోధన చేసినవాళ్ల పేర్లు లేవు, ఎంతమంది మీద చేశారో లేదు, 'ఫలవంతం' అన్నదాన్ని దేనితో కొలిచారో లేదు. పదో తరగతి పిల్లవాడు ప్రాజెక్టులో ఇలా రాసుకొస్తే వెనక్కి పంపేదాన్ని.

సగటు వయసుల లెక్క దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా పడిపోయేది ఇక్కడే. నోబెల్ అందుకున్న వయసు వేరు, దానికి కారణమైన పని చేసిన వయసు వేరు. ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ 1930లో ఓడలో ఇంగ్లండ్ వెళ్తూ నక్షత్రాల ద్రవ్యరాశికి హద్దు లెక్కకట్టినప్పుడు ఆయనకి పంతొమ్మిదేళ్లు. నోబెల్ ఇచ్చింది 1983లో, డెబ్బై మూడేళ్లకి. భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ 1964లో రాసిన సిద్ధాంతానికి 2013లో, ఎనభై నాలుగేళ్లప్పుడు ఇచ్చారు. ఈ సగటు చెప్పేది మెదడు ఎప్పుడు పండిందని కాదు, స్టాక్‌హోమ్‌లో క్యూ ఎంత పొడవుందని. మన భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో, ముప్పై ఏళ్లకే ఇచ్చారు. 1948లో యాభై మూడేళ్లకే పోయారు. ఈ మెసేజ్ లెక్కన ఆయన అసలైన వయసుకి చేరనే లేదన్నమాట!

కంపెనీ అధిపతులూ అంతే. మెట్లన్నీ ఎక్కేసరికే వయసు మీద పడుతుంది. ఇక పోపుల గురించి నేను చెప్పాల్సిందేముంది, ఆ పదవికి ఎన్నుకునేదే పెద్దవాళ్లని.

మైలిన్ అంటే కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగు లాంటిది. నాడీ సంకేతం వేగంగా పోవడానికి అదే సాయం. మెదడులో ఈ తొడుగున్న తీగల భాగం నడివయసు దాకా పెరిగి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. అరవై దాటాక పెరగడం మొదలవదు. 300 శాతం అన్నది ఎవరో గాల్లోంచి పట్టుకొచ్చిన అంకె.

రెండు భాగాలూ కలిపి వాడటం మాత్రం నిజంగా చూసినదే. రాబర్టో కబేజా అనే శాస్త్రవేత్త 2002లో దీని గురించి రాశారు. కుర్రవాళ్లు ఒకవైపుతో చేసే కొన్ని పనులకి పెద్దవాళ్ల మెదడు రెండోవైపునీ పిలుచుకుంటుంది. అయితే ఎందుకు? ఒక్క చేత్తో లేచే బిందె లేవకపోతే రెండో చెయ్యి వేస్తాం కదా, ఇదీ చాలావరకు అలాంటి సర్దుబాటే అంటారు. నాకైతే ఇదే, ఆ మెసేజ్‌లో ఉన్న గొప్పలన్నిటికంటే ముచ్చటగా అనిపిస్తుంది. కానీ దీన్ని బలం పెరిగిందని ప్రచారం చెయ్యకూడదు.

అసలు ప్రమాదం మతిమరుపు మాటలో ఉంది. మామూలుగా వయసు పెరిగితే న్యూరాన్లు మరీ అంతగా పోవన్నది కొంతవరకు నిజం. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు వస్తే పోతాయి, బాగా పోతాయి. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (రోజువారీ పనులకే ఇబ్బందయ్యేంతగా జ్ఞాపకం, ఆలోచన దెబ్బతినడం) ఉందని 2023లో వచ్చిన అంచనా. వాళ్లందరి ఇళ్లకీ "భయపడొద్దు" అన్న మెసేజ్ పోతోంది. పేరు నోటి దాకా వచ్చి ఆగిపోవడం, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం నాకూ ఉన్నవే, వాటికి టెన్షన్ పడక్కర్లేదు. నలభై ఏళ్లుగా కలుపుతున్న పులిహోరలో దేని తర్వాత ఏది వెయ్యాలో తోచకపోయినా, రోజూ వెళ్లే గుడి నుంచి ఇంటికి దారి తప్పినా, అడిగిందే పది నిమిషాల్లో మూడుసార్లు అడిగినా చూపించుకోవాలి. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా, దిగులు పట్టుకున్నా జ్ఞాపకం దెబ్బతింటుంది. వాటికి మందులున్నాయి. వెళ్లకపోతే ఏదో ఎలా తెలుస్తుంది?

ఇంకో మాట. డిమెన్షియా ముప్పు పెంచేవాటిలో మన చేతిలో ఉన్నవి 14 అని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది. బీపీ, షుగర్, ఒంటరితనం, చూపు మందగించడంతో పాటు వినికిడి లోపం కూడా ఆ జాబితాలో ఉంది. మా బావగారు నాకు ఈ మెసేజ్ చూపిస్తున్నప్పుడు గుర్తొచ్చింది ఇదే.

ఇంతకీ అరవై దాటాక పెరిగేవే లేవా? ఉన్నాయి. 2015లో హార్ట్‌షోర్న్, జెర్మైన్ అనే ఇద్దరు వేలమందికి పరీక్షలు పెట్టి చూస్తే, చటుక్కున గ్రహించే వేగం పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే శిఖరానికి చేరింది. పదసంపద మాత్రం అరవైల చివర, డెబ్బైల మొదట్లో! పత్రికలో పదకేళి నింపడంలో మా మనవడు నా ముందు నిలవలేడు. ఫోన్లో కొత్త యాప్ పెట్టాలంటే నేనే వాడి కాళ్లావేళ్లా పడాలి. అన్నీ ఒకే వయసులో పండవు. మన పెరట్లో మాత్రం మామిడీ సీతాఫలమూ ఒకే నెలలో కాస్తున్నాయా?

వయసు గురించి మంచిగా అనుకునేవాళ్లు ఎక్కువకాలం బతికారని కూడా ఒక అధ్యయనం ఉంది. అమెరికాలోని ఒహాయోలో 660 మందిని గమనించిన బెకా లెవీ బృందం 2002లో ప్రచురించింది. తేడా సగటున ఏడున్నరేళ్లు. ఏది కారణమో, ఏది ఫలితమో దాన్నిబట్టి తేల్చలేం. "ఉత్సాహం ఇస్తుంది కదా, అబద్ధమైతేనేం?" అని గ్రూపులో నన్నడిగిన మిత్రురాలు దీన్నే అడ్డం పెట్టుకోవచ్చు. కానీ వయసుని ఒప్పుకోవడం, వయసు రాలేదని నటించడం ఒకటేనా అమ్మా?

నాకు మింగుడుపడనిది ఆ 'ఫలవంతం' అన్న మాట కూడా. మా అత్తగారు ఎనభై నాలుగో ఏట గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేవారు. గంటకి గుప్పెడు. నేను చేస్తే పావుగంట పని. ఆవిడని ఏ కంపెనీ అధిపతితో పోల్చాలి? ఆ గంటలో వీధిలో వెళ్లే పిల్లలందరూ ఆవిడతో రెండు మాటలు మాట్లాడి వెళ్లేవారు. ఈ మెసేజ్‌లో ఆవిడకి చోటు లేదు.

సంక్రాంతికి ముందు మా అక్క పోరగా పోరగా బావగారు వినికిడి పరీక్షకి వెళ్లారు. మిషన్ పెట్టారు. మొదటి వారం గిన్నెల చప్పుడు భరించలేక తీసి పారేస్తానన్నారు. ఇప్పుడు పొద్దున కళ్లజోడుతో పాటు పెట్టేసుకుంటున్నారు. మొన్న ఫోన్ చేస్తే, "మీ అక్క ఇన్నాళ్లూ నన్ను గొణుక్కుంటూ ఏమేం తిట్టేదో ఇప్పుడన్నీ వినబడుతున్నాయమ్మాయ్" అన్నారు.