రచ్చ గెలవమంటారు సరే, రచ్చలోకి రానిచ్చిందెప్పుడు?

మొన్న ఆదివారం అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో మావాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలయ్యాక మగవాళ్ళంతా బేస్‌మెంట్‌లో టీవీ ముందు చేరారు, మామూలే. డిసెంబర్‌లో నల్లజాతి కాలేజీల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ సెలబ్రేషన్ బౌల్‌కి మళ్ళీ వెళ్తున్నానని నోరు జారాను. మా బావ వెంటనే అందుకున్నాడు. "ఏం పిచ్చిరా నీది? ప్లేఆఫ్స్ ఆడలేక వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కప్పు అది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. వీళ్ళు ఇంట్లోనే ఆడి ఇంట్లోనే పండగ చేసుకుంటారు." అందరూ నవ్వారు. చేతిలో ప్రసాదం ఉంది కాబట్టి అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1964కి ముందు నల్లజాతి పిల్లల చదువు కోసం పుట్టిన కాలేజీల్ని ఇక్కడ హెచ్‌బీసీయూలంటారు. వాటి ఫుట్‌బాల్‌లో పెద్ద కాన్ఫరెన్సులు, అంటే జట్ల కూటములు, రెండు: స్వాక్, మియాక్. 2015 నుంచి ఈ రెండింటి విజేతలూ అట్లాంటాలో తలపడుతున్నారు, కోవిడ్ ఏడాది తప్ప. అదే సెలబ్రేషన్ బౌల్. ఈ జట్లన్నీ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఎఫ్‌సీఎస్ అనే రెండో అంతస్తులో ఉంటాయి. ఆ అంతస్తుకి జాతీయ స్థాయి ప్లేఆఫ్స్, అంటే నాకౌట్ పోటీలు, వేరే ఉన్నాయి. స్వాక్ విజేత, మియాక్ విజేత మాత్రం వాటికి పోకుండా అట్లాంటాకి వస్తారు. మా బావ కడుపుమంట అక్కడే.

బావా, ఒక్క సంగతి చెప్పు. నువ్వు అంత గొప్పగా చెప్పే ఆ ఎఫ్‌సీఎస్‌లో ఏటా అటాకింగ్‌లో మేటి ఆటగాడికి ఇచ్చే అవార్డు ఎవరి పేరు మీద ఉంది? వాల్టర్ పేటన్. జాక్సన్ స్టేట్ కుర్రాడు. డిఫెన్స్‌లో మేటికి? బక్ బుకానన్, గ్రాంబ్లింగ్. మేటి కోచ్‌కి? ఎడ్డీ రాబిన్సన్, అదే గ్రాంబ్లింగ్. కొత్తగా చేరిన మేటి కుర్రాడికి? జెర్రీ రైస్, మిసిసిపీ వ్యాలీ స్టేట్. నాలుగు అవార్డులు, నాలుగూ హెచ్‌బీసీయూల మనుషుల పేర్లే. పేర్లు వాళ్ళవి కావాలి, వాళ్ళ కప్పు మాత్రం కప్పు కాదా?

ఇక రచ్చ సంగతి. అలబామా లాంటి మహా జట్టు తరఫున నల్లజాతి ఆటగాడు మ్యాచ్‌లో దిగింది 1971లో. అప్పటిదాకా దక్షిణాది రాష్ట్రాల్లో ఎంత మొనగాడైనా నల్లవాడైతే చాలావరకు గ్రాంబ్లింగ్‌కో ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్‌కో పోవాల్సిందే. ఉత్తర లూసియానాలో ఓ చిన్న ఊళ్ళో కూర్చుని ఎడ్డీ రాబిన్సన్ 408 మ్యాచ్‌లు గెలిచాడు. రెండొందల మందికి పైగా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పంపాడు. రానివ్వనప్పుడు సొంతిల్లు కట్టుకున్నారు. తలుపులు తెరిచాక పెద్ద యూనివర్సిటీలు చేసిన మొదటి పని, ఆ ఇంట్లోంచి మంచి ఆటగాళ్ళని ఏరుకుపోవడం. ఆ తర్వాత "ఏదీ, బయటికొచ్చి గెలవండి చూద్దాం" అంటున్నారు.

పైగా గెలిచారు కూడా. ఈ అంతస్తులో జాతీయ ఛాంపియన్‌షిప్ మొట్టమొదట పెట్టిందే 1978లో, నాలుగే జట్లతో. ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్ సెమీస్‌లో జాక్సన్ స్టేట్‌ని 15-10తో, టెక్సస్‌లోని విచిటా ఫాల్స్‌లో జరిగిన ఫైనల్లో మసాచుసెట్స్‌ని 35-28తో కొట్టింది. తొలి కప్పు మీద పేరు హెచ్‌బీసీయూది. ఆ తర్వాత ఇంకో హెచ్‌బీసీయూ గెలవలేదు, నిజమే. దాచడమెందుకు, స్వాక్ జట్లు 1997 దాకా ప్లేఆఫ్స్‌లో 19 మ్యాచ్‌లు ఆడి 19 ఓడిపోయాయి. మా బావకి ఈ అంకె తెలియదు, తెలిస్తే ఆ రోజు నా పని అయిపోయేది.

కానీ ఆ ప్లేఆఫ్స్ మొదలయ్యేది ఎప్పుడు? థాంక్స్‌గివింగ్ పండగ వారాంతంలో. సరిగ్గా అప్పుడే న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో గ్రాంబ్లింగ్‌కీ సదరన్ యూనివర్సిటీకీ ఏటా జరిగే బేయూ క్లాసిక్ మ్యాచ్. అరవై వేలకి అటూ ఇటూ జనం. తాతలు, మనవలు, ముప్పై ఏళ్ళ కిందటి క్లాస్‌మేట్లు, అదొక తిరునాళ్ళు. అది మానుకుని, సెలవలకి పిల్లలంతా ఇళ్ళకి పోయిన ఏ మొంటానా మంచులోనో సగం ఖాళీ డబ్బాలా ఉండే విజిటర్స్ స్టాండ్ ముందు ఆడాలట. ఎందుకు? డబ్బుకా? సెలబ్రేషన్ బౌల్ ఆడితే ఒక్కో కాన్ఫరెన్స్‌కి పది లక్షల డాలర్ల చొప్పున వస్తుందని ఎప్పట్నుంచో ఉన్న మాట. ప్లేఆఫ్స్ మొదటి రౌండ్లో అలాంటి ముట్టజెప్పడాలేం లేవు. ఇంత లెక్క మన కిరాణా కొట్టు శెట్టిగారు కూడా వేయగలడు.

ఆట పస లేనిదా అంటే, 2016 చూడండి. గ్రాంబ్లింగ్ 10-3తో ముందుంది. రెండు నిమిషాల చిల్లర మిగిలుండగా నార్త్ కరోలైనా సెంట్రల్ టచ్‌డౌన్ కొట్టింది. 10-9. ఎక్స్‌ట్రా పాయింట్ తంతే సమం. బంతి పట్టినవాడు ఆనందం పట్టలేక హెల్మెట్ తీసేశాడు. అతి సంబరానికి పదిహేను గజాల పెనాల్టీ! కిక్ దూరమైంది, గ్రాంబ్లింగ్ వాళ్ళు అడ్డుకున్నారు, మ్యాచ్ పోయింది. సెలబ్రేషన్ బౌల్‌ని సెలబ్రేషన్ వల్లే పోగొట్టుకున్నారు. ఇల్లలకగానే పండగ కాదని వాళ్ళకెవరైనా చెప్పుండాల్సింది.

2022 నేను స్టాండ్స్‌లో ఉన్నాను. డియాన్ శాండర్స్ కోచ్‌గా ఉన్న జాక్సన్ స్టేట్ అప్పటికి ఓటమి ఎరగదు, ఆయన కొలరాడో యూనివర్సిటీకి పోతున్నాడని రెండు వారాల ముందే తేలిపోయింది. చివరి క్షణంలో జాక్సన్ స్టేట్ ఆటగాడు ట్రావిస్ హంటర్ బంతి పట్టి స్కోరు సమం చేసినప్పుడు నా పక్కనున్న పెద్దావిడ నా భుజం పట్టుకుని ఊపేసింది. ఎవరో ఏమిటో తెలియదు, "బేబీ, బేబీ" అంటూ. ఓవర్‌టైమ్‌లో అవతలి జట్టు, అదే నార్త్ కరోలైనా సెంట్రల్, 41-34తో గెలిచింది. ఆవిడ కాసేపు కూర్చుండిపోయి, తర్వాత నాకు చికెన్ వింగ్ ఇచ్చింది. శనివారం, నేను తినను. తిన్నాను.

నాకూ ఒక ఫిర్యాదు ఉంది, అది వేరే. మొదటి ఐదింటిలో నాలుగు సెలబ్రేషన్ బౌల్‌లు గెలిచిన నార్త్ కరోలైనా ఏ అండ్ టీ 2021లో మియాక్ వదిలిపోయింది. హ్యాంప్టన్ అంతకుముందే పోయింది. టెనసీ స్టేట్ కూడా హెచ్‌బీసీయూయే, కానీ ఎప్పుడూ ఈ రెండు కాన్ఫరెన్సుల బయటే. మియాక్‌లో ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడేవి ఆరే కాలేజీలు. స్వాక్‌లో పన్నెండు, పైగా వాళ్ళు అట్లాంటాకి రావాలంటే ముందు సొంత టైటిల్ మ్యాచ్ గెలవాలి. మరి దీన్ని మొత్తం నల్లజాతి కాలేజీల ఛాంపియన్‌షిప్ అని ఎలా ప్రకటిస్తారు? బయటున్న జట్లకీ ఒక చోటైనా ఇవ్వండి, తలుపు తీయండి. బావ ఇది అడిగుంటే నోరు మూసుకునేవాణ్ణి. అడగలేదు, ఎందుకంటే ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు.

ఇంకోటి. హాఫ్‌టైమ్‌లో లేచి నాచోస్ లైన్లో నిలబడే మనవాళ్ళకి దండం. అక్కడ బ్యాండే సగం ఆట. వందలమంది కొమ్ములూ డ్రమ్ములూ ఒక్క పెట్టున మొదలెడితే కాళ్ళ కింద కాంక్రీటు అదురుతుంది. అప్పుడు లేచిపోవడమంటే తాళి కట్టే వేళకి పార్కింగ్‌లో కారు వెతుక్కోవడమే.

ఈసారి మా బావకీ టికెట్ కొన్నాను. సీటు వరస మధ్యలో చూసి మరీ తీసుకున్నాను, లేవాలంటే అటు పదిమందినీ ఇటు పదిమందినీ దాటాలి.