ఆర్కేడ్ స్టిక్ కొనేముందు దాని అడుగుపలక విప్పి చూడండి

"అన్నా, ఆర్కేడ్ స్టిక్ కొందామనుకుంటున్నా, ఏ కంపెనీది మంచిది?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకుంటూ వచ్చాను. ఈసారి అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా. తెలియనివాళ్ళకు ఒక్క ముక్క: వీడియో గేమ్ షాపు మెషీన్‌లో ఉండే లీవర్, బటన్లను ఒక డబ్బాలో బిగించి, ఇంట్లో గేమ్ కన్సోల్‌కో కంప్యూటర్‌కో తగిలించుకునేదే ఆర్కేడ్ స్టిక్. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కంపెనీ పేరు ఆఖర్న అడగాల్సిన మాట. ముందు అడగాల్సింది, ఈ డబ్బాను విప్పొచ్చా అని. విప్పితే లోపలి లీవర్, బటన్లు, బోర్డు మన చేత్తో మార్చుకోవచ్చా అని. మార్చుకోగలిగితే ఆ స్టిక్‌తో మీ పిల్లలు కూడా ఆడతారు. మార్చుకోలేకపోతే ఇరవై వేలు పోసి కొన్నా తర్వాతి కన్సోల్ వచ్చేదాకే దాని ఆయుష్షు. ఇది నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే స్టిక్ లోపల రెండు రకాల సరుకు ఉంటుంది. ఒకటి లీవర్, బటన్లు. ఇవి శుద్ధ మెకానికల్ వస్తువులు. జపాన్ కంపెనీ సాన్వా చేసే జేఎల్ఎఫ్ లీవర్‌నే తీసుకోండి. ఒక ఇనుప కడ్డీ, ఒక స్ప్రింగ్, కడ్డీ తగిలితే క్లిక్ అనే నాలుగు చిన్న మైక్రోస్విచ్‌లు, అడుగున కడ్డీని పట్టి ఉంచే చిన్న ఈ-క్లిప్. అంతే. స్ప్రింగ్ వదులైతే స్ప్రింగ్ మార్చండి, స్విచ్ పోతే స్విచ్‌ల పలక మార్చండి. పైన గుండు ఊడదీయాలంటే కడ్డీ అడుగున ఒక గాడి ఉంటుంది, అందులో స్క్రూడ్రైవర్ పెట్టి కదలకుండా పట్టుకుని గుండును చేత్తో తిప్పడమే. లీవర్ నుంచి బోర్డుకు వెళ్ళేది ఐదు పిన్నుల వైరు ఒక్కటే. 30 మిల్లీమీటర్ల బటన్లు పలకలో టక్కున కూర్చుంటాయి, రెండు పక్కలా ఉన్న నాలుకలు లోపలికి నొక్కితే బయటికొస్తాయి. సోల్డరింగ్ అక్కర్లేదు.

రెండో రకం సరుకు బోర్డు. మీరు నొక్కింది కన్సోల్‌కు చెప్పేది అదే. కన్సోల్ మారినప్పుడల్లా చచ్చేది కూడా అదొక్కటే. లీవర్‌కు ఏమీ కాదు, బటన్‌కు ఏమీ కాదు, చెక్కకూ ఇనుముకూ ఏమీ కాదు. అయినా మొత్తం డబ్బా అటక ఎక్కుతుంది. నా కోపమంతా ఇక్కడే.

ఒక ఉదాహరణ చెప్తాను. స్ట్రీట్ ఫైటర్ 4 అనే ఫైటింగ్ గేమ్ కన్సోళ్ళకు వచ్చిన 2009లో మ్యాడ్ క్యాట్జ్ కంపెనీ టోర్నమెంట్ ఎడిషన్ అని ఒక స్టిక్ తెచ్చింది. అంతకుముందు దొరికే చాలా స్టిక్కుల్లో నాసిరకం లీవర్లు ఉండేవి, దీంట్లో నేరుగా సాన్వా భాగాలు పెట్టి అమ్మారు. 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. స్టిక్కులు మాత్రం ఇప్పటికీ బతికే ఉన్నాయి. అది మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360, సోనీ ప్లేస్టేషన్ 3 (పీఎస్3) కన్సోళ్ళ కాలం సరుకు. అయినా అడుగుపలక విప్పి పాత బోర్డు తీసేసి కొత్తది పెట్టుకుని, అదే డబ్బా మీద ఇవాళ స్ట్రీట్ ఫైటర్ 6 ఆడేవాళ్ళున్నారు. కంపెనీ పోయినా వస్తువు నిలబడిందంటే కారణం అందులో అందరికీ దొరికే కొలతల భాగాలు ఉండడమే. నేను "విప్పి చూడండి" అని మొత్తుకునేది ఇందుకే.

ఇప్పుడు కన్సోల్ కంపెనీల సంగతి. పీఎస్3 వరకు సోనీ కన్సోల్‌కు సాదా యూఎస్‌బీ స్టిక్ పెట్టినా పలికేది. పీఎస్4 నుంచి, తగిలించింది సోనీ ఒప్పుకున్న వస్తువేనా అని చూసే గుర్తింపు చిప్ కథ మొదలైంది. సోనీ సంతకం లేని బోర్డు పెడితే 8 నిమిషాలు ఆడనిచ్చి కనెక్షన్ తెంచేస్తుంది. మ్యాచ్ మధ్యలో మీ ఆటగాడు బొమ్మలా నిలబడిపోతాడు. పీఎస్5 కూడా ఈ చిప్ గొడవ వదలలేదు. కొన్ని ఫైటింగ్ గేమ్‌లు తయారుచేసినవాళ్ళు పీఎస్4 స్టిక్కులు కూడా పనిచేసేలా ఏర్పాటు చేశారు కాబట్టి సరిపోయింది. అంటే సాంకేతికంగా అడ్డంకి లేదన్నమాటే కదా! మైక్రోసాఫ్ట్ 2023 నవంబరులో ఇంకో అడుగు ముందుకేసి, అనుమతి లేని కంట్రోలర్లు, అడాప్టర్లు ఎక్స్‌బాక్స్‌లో పనిచేయకుండా ఆపేసింది. నిన్నటిదాకా బాగా పనిచేసిన వస్తువు మీద ఓ ఉదయం ఎర్రర్ నంబరు కనబడింది. మోసాలు ఆపడానికి, నాణ్యత కాపాడటానికి అంటారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ చేతులు సరిగ్గా పనిచేయక సొంతంగా తమకు సరిపడే కంట్రోలర్ తయారు చేయించుకున్నవాళ్ళ సంగతేంటి? డబ్బు పెట్టి కొన్న వస్తువును ఎవరో దూరంగా కూర్చుని అప్‌డేట్‌తో చంపేయడం అన్యాయం. ఇంతకన్నా మెత్తగా చెప్పలేను.

1990లో ఎస్ఎన్‌కే తెచ్చిన నియో జియో చూడండి. ఇంటి కన్సోల్‌తో పాటే ఆర్కేడ్ స్టిక్ ఇచ్చారు. వెనక 15 పిన్నుల కనెక్టర్. ఒక్కో బటన్‌కు ఒక్కో పిన్ను, అన్నిటికీ కలిపి ఒక గ్రౌండు (కరెంటు తిరిగెళ్ళే వైరు). మధ్యలో చిప్పూ లేదు, రహస్యమూ లేదు. ఇవాళ మీరు ఏ చెక్కపెట్టెలోనైనా లీవర్, బటన్లు బిగించి, ఆ పిన్నులకు వైర్లు కలిపితే ముప్పై ఏళ్ళు దాటిన ఆ కన్సోల్ కిమ్మనకుండా ఆడిస్తుంది. పాత అటారీ తొమ్మిది పిన్నుల జాయ్‌స్టిక్కూ అంతే. పాతది బాగు చేసుకోవడం తేలిక, కొత్తది కష్టం. మనం ముందుకెళ్ళామో వెనక్కెళ్ళామో అర్థం కాదు.

తొంభైల్లో మన ఊళ్ళలో వీడియో గేమ్ షాపుల్లో పెరిగినవాళ్ళకు నేను చెప్పేది తొందరగా ఎక్కుతుంది. అందరం 'ముస్తఫా' అనే పిలుచుకున్న ఆ ఆట అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993 నాటి క్యాప్‌కామ్ గేమ్. పేరుతో ఎవరికి పని? పచ్చ చొక్కా, పసుప్పచ్చ టోపీ ముస్తఫా కోసమే కాయిన్ వేసేవాళ్ళం. మా వీధి షాపాయన దగ్గర రోజంతా పిల్లలు బాదీ బాదీ లీవర్ కుడివైపు పలకడం మానేసేది. ఆయన పానెల్ తాళం తీసి పైకెత్తి, ఆ పక్క మైక్రోస్విచ్ ఊడదీసి, డబ్బాలోంచి ఇంకోటి తీసి రెండు వైర్లు తగిలించి పానెల్ దించేవాడు. మా కాయిన్లు కూడా పోయేవి కావు, ఆట అక్కడి నుంచే నడిచేది. సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేసినంత మామూలు పని అది. పెద్ద చదువులేమీ లేని ఆ మనిషి చేసిన పని, ఇవాళ ఇరవై వేల స్టిక్ కొన్నవాడు ఎందుకు చేసుకోకూడదు?

ఇక ఏ లీవర్, ఏ గేటు అన్న గొడవ. గేటంటే లీవర్ కడ్డీ ఎంతవరకు, ఏ ఆకారంలో కదలాలో అడ్డుకునే ప్లాస్టిక్ పలక. జేఎల్ఎఫ్‌కు మామూలుగా చదరపు గేటు వస్తుంది. కొత్తవాళ్ళు రెండు రోజులు ఆడి, "హడోకెన్ (స్ట్రీట్ ఫైటర్‌లో లీవర్ తిప్పి విసిరే నిప్పు బంతి) రావట్లేదు, ఎనిమిది మూలల గేటు కావాలి" అంటారు. తొందరపడకండి. చదరపు గేటులో మూలలే ఐమూల దిశలు. లీవర్‌ను గేటు అంచుకేసి రుద్దుతూ తిప్పితే చెయ్యి నొప్పి, ఆలస్యం. కొంచెం కదిపితేనే స్విచ్ క్లిక్ అంటుంది, అక్కడితో ఆగితే చాలు. ఆ క్లిక్ చేతికి అలవాటైతే గేటు ఏ ఆకారమైనా ఒకటే. నెల రోజులు చదరంతోనే ఆడండి. అప్పటికీ కుదరకపోతే మార్చుకోండి, పెద్ద ఖర్చు కాదు.

పాత ఆటలకు మాత్రం గేటు నిజంగానే ముఖ్యం. 1980 నాటి ప్యాక్‌మ్యాన్, ఆ మరుసటేడు వచ్చిన డాంకీ కాంగ్ నాలుగు దిశల లీవర్ కోసం చేసినవి. ఎనిమిది దిశల లీవర్‌తో ఆడితే మలుపు దగ్గర ఐమూలగా పడి ప్యాక్‌మ్యాన్ తిరగాల్సిన చోట తిరగడు, దెయ్యం వచ్చి మింగేస్తుంది. తప్పు మీది కాదు, గేటుది. జేఎల్ఎఫ్ గేటును 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే నాలుగు దిశల లీవర్ అయిపోతుంది. ఈ చిన్న సంగతి తెలియక రెట్రో ఆటల కోసం ఇంకో స్టిక్ కొనేవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్ళు కొరియా లీవర్ చూడండి. అందులో స్ప్రింగ్ బదులు రబ్బరు ఉంటుంది, చెయ్యి వదలగానే కడ్డీ మధ్యకు దూకుతుంది. వెనక్కి, మళ్ళీ వెనక్కి, కింది మూలకు, మళ్ళీ వెనక్కి అంటూ ఆగకుండా చేసి ఎదుటివాడికి దూరంగా జరిగే కొరియన్ బ్యాక్‌డాష్‌కు అది బాగా కుదురుతుంది. అయితే ఆ లీవర్లు అన్ని డబ్బాల్లో పట్టవు. డబ్బా లోతు కొలిచి మరీ కొనండి. అమెరికా కంపెనీ హ్యాప్ బటన్లు తెప్పించేవాళ్ళకు ఇంకో జాగ్రత్త, వాటి వైరు క్లిప్పులు 4.8 మిల్లీమీటర్లవి, సాన్వావి 2.8. ఒకదానికి కొన్న వైర్లు ఇంకోదానికి పట్టవు.

లీవరే లేకుండా నాలుగు దిశలకూ బటన్లే ఉండే లీవర్‌లెస్ మీద కూడా యుద్ధాలు జరుగుతున్నాయి. అది మోసం అంటారు కొందరు. నేను ఒప్పుకోను. మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకు అది వరం. కాకపోతే ఒక నిజం ఉంది. లీవర్‌ను ఒకేసారి ఎడమకూ కుడికీ తొయ్యలేం, బటన్లను మాత్రం రెండూ కలిపి నొక్కొచ్చు. పాత ఆటలు రాసినవాళ్ళు ఆ పరిస్థితి ఊహించనే లేదు. 1987 నాటి జెల్డా 2 ఆటలో ఎడమ, కుడి కలిపి నొక్కితే హీరో లింక్ పిచ్చి వేగంతో దూసుకుపోతాడు. అందుకే రెండు ఎదురు దిశలు కలిస్తే ఏదీ పలకకుండా ఉండే సెట్టింగ్ బోర్డులో ఉందో లేదో చూసుకోండి. పోటీలకు వెళ్ళేవాళ్ళకైతే ఇది మరీ ముఖ్యం.

అసలు స్టిక్ లేనిదే ఆడలేమా? ఆడొచ్చు. ఎవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ పోటీలో 2004లో డైగో ఉమెహారా, తన మీద ఆడిన జస్టిన్ వాంగ్ పాత్ర చున్‌లీ కొట్టిన సూపర్ దెబ్బలు పదిహేనింటినీ వరసగా పారీ చేసింది (సరిగ్గా తగిలే క్షణంలో అడ్డుకుంది) స్టిక్ మీదే, నిజమే. కానీ 2014 ఎవోలో ఫ్రాన్స్ ఆటగాడు లఫీ స్ట్రీట్ ఫైటర్ గెలిచింది మొదటి ప్లేస్టేషన్ నాటి పాత ప్యాడ్‌తో. కాబట్టి స్టిక్ కొంటే ఆట వచ్చేస్తుందని ఎవరూ అనుకోవద్దు. స్టిక్ కొనాల్సింది మీ చేతికి అది నచ్చితేనే. నాకు నచ్చింది. పాత ఆటలను వాటి సొంత లీవర్ మీద ఆడితే వచ్చే తృప్తి బొటనవేలితో రాదు.

డబ్బు మాటకొస్తే, మన దగ్గర పేరున్న స్టిక్కులు తక్కువ దొరుకుతాయి, బయటి నుంచి తెప్పిస్తే కస్టమ్స్, కొరియర్ కలిసి చేతి చమురు వదులుతుంది. పైన గేమ్ బొమ్మలు మెరుస్తూ లోపల మార్చలేని లీవర్ ఉన్నవి చాలా ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం. వాటి జోలికి వెళ్ళొద్దు. తక్కువలో మొదలుపెట్టాలంటే మేఫ్లాష్ ఎఫ్300, లేదా పీసీ, నింటెండో స్విచ్ కన్సోల్ కోసం ఎయిట్‌బిట్‌డో స్టిక్ తీసుకోండి. వాటితో వచ్చే భాగాలు మామూలువే, కానీ సాన్వావి సరిగ్గా కూర్చుంటాయి. ఈ ఏడాది డబ్బా, వచ్చే ఏడాది లీవర్, ఆ తర్వాత బటన్లు అని విడతలుగా బాగుచేసుకోవచ్చు. ఒకేసారి పెట్టగలిగితే సాన్వా భాగాలతోనే వచ్చే క్వాన్‌బా అబ్సిడియన్ లాంటిది సరే.

నా మనసుకు నచ్చిన దారి మాత్రం సొంతంగా చేసుకోవడం. రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాంట్లో జీపీ2040-సీఈ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే ప్రోగ్రాం) వేస్తే పీసీ, స్విచ్, పీఎస్3లకు చక్కగా పనిచేస్తుంది. పైన చెప్పిన 8 నిమిషాల బాధ పీఎస్4లో దీనికీ ఉంటుంది, ముందే తెలుసుకోండి. డబ్బా కోసం వడ్రంగి దగ్గరికి వెళ్ళి 30 మిల్లీమీటర్ల రంధ్రాలు ఎనిమిది, 24వి రెండు, లీవర్‌కు ఒకటి కొట్టించుకుంటే చాలు. బరువుగా చేయించండి. తేలిక డబ్బా ఒళ్ళో జారుతుంది.

రెట్రో కన్సోళ్ళకు ఒక్క హెచ్చరిక. పాత ట్యూబ్ టీవీ మీద ఆడుతూ మధ్యలో చౌక బ్లూటూత్ అడాప్టర్ పెడితే ఆ టీవీ ఇచ్చే వేగమంతా అక్కడే పోతుంది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, అడాప్టర్ రెండు ఫ్రేములు తిన్నా మీ దూకుడు గుంటలో పడుతుంది. వైరు వాడండి.

2025 జూన్‌లో సోనీ పీఎస్5, పీసీల కోసం తన సొంత వైర్‌లెస్ ఫైట్ స్టిక్ (ఆర్కేడ్ స్టిక్‌కే ఇంకో పేరు) ప్రకటించింది. గేటును పనిముట్లు లేకుండానే మార్చుకోవచ్చన్నారు. ఈ మాట నాకు బాగా నచ్చింది. ఇదే వసతి బోర్డుకు కూడా ఇవ్వండని అడుగుతున్నా. లోపల ఒక సాకెట్ పెట్టి, తర్వాతి కన్సోల్‌కు బోర్డు ఒక్కటే విడిగా అమ్మండి. మేం కొంటాం, మీకూ లాభమే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు అమ్మేవాడిని పై నుంచి తీసిన ఫోటోలు అడగొద్దు. అడుగుపలక విప్పి లోపల ఫోటో తీసి పంపమనండి. లీవర్ మీద సాన్వా పేరు, ఐదు పిన్నుల వైరు, క్లిప్పులతో తగిలించిన బటన్లు కనబడితే బేరం ఆడండి. బటన్లు నేరుగా ఒక పచ్చ బోర్డుకు అతికి ఉంటే వదిలేయండి. విప్పనని మొండికేస్తే ఆ బేరం అక్కడితో ఆపేయండి.