దిద్దుకున్న ముఖం ఎవరి కోసం?

సాయంత్రం పూట విజయనగరం మూడు లాంతర్ల వైపు ఏ టీ కొట్టు దగ్గరైనా నలుగురు కుర్రాళ్లు ఫోన్లలో తుపాకుల ఆట బీజీఎంఐ ఆడుతూ కనిపిస్తారు. మ్యాచ్ మొదలవకముందే బోలెడు టైం లాబీలో గడిచిపోతుంది. జుట్టు మార్చాలి, చొక్కా మార్చాలి, బ్యాగు రంగు చూడాలి. తీరా ఆటలోకి దిగాక కనిపించేది తన బొమ్మ వీపు. బొమ్మ కళ్లతోనే చూసే ఎఫ్‌పీపీ పద్ధతిలో అదీ లేదు, చేతులు మాత్రమే. మరి ముఖానికి అంత ముస్తాబు దేనికంటే, ఒకడు తల కూడా ఎత్తకుండా "స్క్వాడ్‌లో పరువుండాల కదన్నా" అన్నాడు.

అసలు సంగతి అదే. పాత్రను నచ్చినట్టు మార్చుకోనిస్తే ఆటగాడు అందులో తనను చూసుకుంటాడన్నది గేమింగ్ ప్రపంచంలో పాత మాట. నాకు సగమే నమ్మకం. పదిమందితో ఆడే ఆటలో వేషం పదిమంది కోసమే. ఆట ఉచితంగా ఇచ్చి చొక్కాకు యూసీ (డబ్బు పెట్టి కొనే గేమ్ నాణేలు) వసూలు చేయగలిగేది అందుకే.

పాత్ర మనకు అంటుకోవడానికి మనం ఎంచుకోవాల్సిన పనే లేదు. నిక్ యీ, జెరెమీ బైలెన్సన్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో పొడుగు అవతార్ (తెర మీద తమ బొమ్మ) దక్కినవాళ్లు డబ్బు పంపకాల బేరంలో గట్టిగా నిలబడ్డారు. పొట్టి అవతార్ వచ్చినవాళ్లు అన్యాయమైన వాటాకు కూడా తేలిగ్గా తలూపారు. ఆ ఎత్తు ఎవరూ కోరుకున్నది కాదు, పరిశోధకులు ఇచ్చింది. 'రస్ట్' గేమ్ ఇంకా మొండిది. 2015లో చర్మం రంగును, మరుసటి ఏడాది ఆడా మగా అన్నదాన్ని కూడా స్టీమ్ ఐడీని (గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఆటగాడి ఖాతా నంబరు) బట్టి తనే తేల్చేసింది. మార్చుకునే వీల్లేదు. కొందరు మండిపడ్డారు, ఆట మాత్రం ఆగలేదు.

ఆడపిల్లల విషయంలో లెక్క వేరని ఒప్పుకుంటాను. ఎక్కడ చూసినా మగ హీరోలే ఉన్నచోట 'మాస్ ఎఫెక్ట్' గేమ్‌లో ప్రధాన పాత్ర కమాండర్ షెపర్డ్‌ను ఆడమనిషిగా ఎంచుకోగలగడం చిన్న విషయం కాదు.

అయినా నా ఓటు 2004 నాటి 'జీటీఏ శాన్ ఆండ్రియాస్'కే. అందులో హీరో సీజే ముఖం మన చేతిలో లేదు. అమెరికా గల్లీలో పుట్టిన నల్లజాతి కుర్రాడు, శ్రీకాకుళం కుర్రాడికి ఏ పోలికా లేదు. కానీ పిజ్జాలు మేపితే పొట్ట వస్తుంది, తిండి మానేస్తే చిక్కిపోతాడు, జిమ్‌కు తీసుకెళ్తే కండలు తిరుగుతాయి. కోడి రామ్మూర్తి నాయుడి పేరు చెప్పుకునే ప్రాంతంలో ఇది నచ్చకపోతేనే వింత! ఆ ఒళ్లు మనం కొన్నది కాదు, మన నిర్వాకం. పొట్టతో పరిగెత్తలేక పోలీసులకు దొరికిపోతే తిట్టుకోవాల్సింది మనల్నే.

మన దేశంలో గేమ్‌లు తయారుచేసేవాళ్లు ఈ దారి పట్టొచ్చు. వంద చొక్కాలు గీయడం కంటే కష్టమే, పైగా స్టోర్‌లో అమ్ముకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు.